కుడి చేతి కింద ముక్క

"ఎడమ చేత్తో కోస్తావేంటమ్మా, ముక్కలన్నీ నీ మీద అలుగుతాయి," అంది ఎదురు ఫ్లాట్ ఆంటీ. అప్పటికే మూడాటలు అయిపోయాయి, రెండింట్లో నేను ఫుల్ కౌంట్ ఇచ్చుకుని కూర్చున్నాను. మొన్న శనివారం తలా ఒక వంట తెచ్చుకున్న పాట్‌లక్‌లో మగవాళ్ళంతా కింద బేస్‌మెంట్లో చేరి వీసాలూ లేఆఫులూ మాట్లాడుకుంటుంటే, మేం ఆడవాళ్ళం పైన డైనింగ్ టేబుల్ మీద బిర్యానీ ట్రేలు పక్కకి జరిపి రమ్మీ వేసుకున్నాం. ఆంటీ ముక్కలు కలిపి నా ముందు పెడితే, నా ఎడమ చెయ్యి తనంతట తనే వెళ్ళి సగం పేక తీసి గుండె వైపుకి జరిపింది. నేను అన్నిటికీ కుడి చెయ్యే వాడే మనిషిని. "ఎవరు నేర్పారే నీకిది?" అంది ఆంటీ. "ఇక్కడే, రూట్ నలభై ఆరు రోడ్డు మీద ఒక పెద్దావిడ," అన్నాను. "ఆవిడా రమ్మీ ఆడుతుందా?" అని అడిగి, నా జవాబు కోసం ఆగకుండా ముక్కలు పంచేసింది. ఆ ఆట కూడా పోయింది. చేతిలో ఏం ముక్కలున్నాయో నేను సరిగ్గా చూసుకుంటే కదా.

ఆ పెద్దావిడ పేకాడేది కాదు, పేక చూసి జాతకం చెప్పేది. పార్సిప్పనీ ఊళ్ళో అప్పట్లో మేమున్న అపార్ట్‌మెంట్ల వెనకగా నడిస్తే ఒక లాండ్రీ షాపు, దాని పక్కన పసుపు రంగు చిన్న ఇల్లు, కిటికీలో ఎర్ర లైటుతో అరచెయ్యి బొమ్మ. నాకు డ్రైవింగ్ రాదు కాబట్టి నడిచి వెళ్ళగలిగిన చోట్లన్నీ నాకు కంఠతా వచ్చు. ఆ బొమ్మ చూసినప్పుడల్లా మా ఊళ్ళో బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చే సోది ఆవిడ గుర్తొచ్చేది. ఇంటర్ తప్పినప్పుడు మా అమ్మ ఆవిణ్ణి పిలిచి చేటలో బియ్యం పోసి నా చెయ్యి చూపించింది. "ఈ పిల్ల సముద్రం దాటుద్ది" అందావిడ. ఇంటర్ సంగతి మాత్రం ఏమీ చెప్పలేదు.

ఇక్కడిదాకా దాటి వచ్చాక అది నా మొదటి కడుపు. ఐదో నెల స్కాన్‌లో బిడ్డ గుండె దగ్గర ఏదో తేడాగా ఉందన్నారు. పొట్టలోకి సూది దించి నీళ్ళు తీసి టెస్ట్‌కి పంపించారు. "మీరిద్దరూ బ్లడ్ రిలేటివ్సా?" అని అడిగింది డాక్టరు. మా ఆయన నాకు సొంత మేనత్త కొడుకు. పెళ్ళికి వచ్చిన ప్రతివాళ్ళూ, సొంత అత్తే అత్తగారు, ఎంత అదృష్టవంతురాలివే అని నా బుగ్గలు పుణికినవాళ్ళే. ఆ అదృష్టాన్నే ఈవిడ తల ఊపుతూ కంప్యూటర్లో టైప్ చేసుకుంది. దొంగతనం ఒప్పుకున్నదాన్లా తలొంచుకుని కూర్చున్నాను. రిజల్ట్ వచ్చాక క్లినిక్ నుంచి ఫోన్లు మొదలయ్యాయి. నేను ఎత్తలేదు. ఆ నంబరు తెర మీద వెలిగితే ఫోన్ మీద దిండు పెట్టేదాన్ని. వాళ్ళు వాయిస్ మెయిల్ పెట్టేవాళ్ళు, వెంటనే కాల్ చెయ్యమనే తప్ప ఇంకో ముక్క ఉండేది కాదు. బావ వారమంతా ఒహాయోలో క్లయింట్ దగ్గర ఉండేవాడు. "నేనడిగితే చెప్పరే, పేషెంట్‌వి నువ్వు. ప్రైవసీ అంట. నీకు దణ్ణం పెడతా, ఎత్తవే," అనేవాడు. "మంచి మాటైతే వాయిస్ మెయిల్లోనే చెప్పేసేవాళ్ళు కదా బావా," అనేదాన్ని. నేను ఎత్తనంతవరకూ కడుపులో వాడికేమీ లేదు, అదీ నా లెక్క. మగపిల్లాడే అని నాకు నేనే అనేసుకున్నాను, ఎవరూ చెప్పలేదు.

ముందే చెప్పేస్తున్నాను, ఆ బిడ్డ మాకు దక్కలేదు. ఏమవుతుందో ఏమవుతుందో అని చివరిదాకా మిమ్మల్ని తిప్పడం నాకు చేతకాదు. అప్పట్లో నాతో అలా ఎవరైనా చేసుంటే నేను చచ్చిపోయేదాన్ని.

ఒక మధ్యాహ్నం వరసగా రెండుసార్లు ఫోన్ మోగింది. రెండోసారి దిండు పెట్టాక ఇంట్లో ఉండలేకపోయాను. బావ పెద్ద చలి జాకెట్ తొడుక్కుని మెడదాకా జిప్పు లాక్కున్నాను. కడుపు ఎవరి కంటా పడనివ్వద్దని మా అత్త వీడియో కాల్‌లో రోజూ ఒట్టు వేయించుకునేది. దిష్టికి ఊరూ దేశం తేడా లేదు, అమెరికావాళ్ళకీ కళ్ళున్నాయి అనేది. ఆ జాకెట్లో నేను మనిషిలా కాదు, చుట్టిపెట్టిన పరుపులా ఉండేదాన్ని. మురికి మంచులో కాళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళి ఆ పసుపు ఇంటి బెల్లు కొట్టాను.

తలుపు తీసినావిడకి డెబ్భై పైనే ఉంటాయి. కాళ్ళదాకా లంగా, తలకి రుమాలు, పాదాలకి కుందేలు బొచ్చు చెప్పులు. ముందు గదిలో రెండు కుర్చీలూ ఒక బల్లా ఉన్నాయి, హీటరు మాత్రం పెళ్ళి పొయ్యిలా మండుతోంది. తెర వెనక వాళ్ళ సంసారం. అటు నుంచి వేయిస్తున్న ఉల్లిపాయల వాసన. "జిప్సీ అంటారు కదా, మీరేనా?" అని అడిగాను, నా ఇంగ్లీషులో అంతకంటే మర్యాదగా అడగడం రాలేదు. "మేం రోమా," అని తమ జాతి అసలు పేరు చెప్పిందావిడ, కోపం లేకుండానే. "కూర్చో హనీ. ఏం కావాలి?" నేను చెప్పలేదు. సోది చెప్పే మనిషికి మన కష్టం ముందే చెప్పేస్తే ఇంక ఆవిడ చెప్పేదేముంటుంది? మా ఊళ్ళో అయితే చెయ్యి చాపి నోరు మూసుకుంటాం, వాళ్ళే తేల్చుకోవాలి. "చూడండి," అన్నాను అంతే.

ఆవిడ పట్టు రుమాలు విప్పి పేక తీసింది. వింత బొమ్మలేమైనా ఉంటాయేమో అనుకున్నాను. మనం ఆడుకునే ముక్కలే, అంచులు అరిగి గుడ్డల్లా మెత్తబడిపోయాయి. కలిపి నా ముందు పెట్టి, ఎడమ చేత్తో కొయ్యమంది, గుండె వైపుకి. తర్వాత ఒక్కొక్కటే పరచడం మొదలుపెట్టింది. ఆఠీను రాణి వచ్చింది. "ఇది నువ్వు," అంది. కళావరు పది వచ్చింది. "నీళ్ళ మీద ప్రయాణం, దూరంగా ఒక మగమనిషి." బావే అనుకున్నాను. ఒహాయోకి నీళ్ళ మీద వెళ్ళనక్కర్లేదని అప్పుడు తట్టనేలేదు. ఆ తర్వాత ఇస్పేట్లు మొదలయ్యాయి. తొమ్మిది, జాకీ, మళ్ళీ ఇంకోటి. మా మావయ్యలైతే ఆ చెయ్యి చూసి, స్కూట్, ఈ ఆట నాకొద్దు అని బోర్లా పడేసేవాళ్ళు. ఆవిడ మాట్లాడటం తగ్గించింది. ఇంకో ముక్క తీసి, తిప్పకుండానే బల్ల మీద పెట్టి నా మొహంలోకి చూసింది. హీటరు వేడికో భయానికో నాకు చెమటలు కారిపోతున్నాయి. ఏం చేస్తున్నానో తెలియకుండా జాకెట్ జిప్పు కిందికి లాగేశాను.

ఆవిడ చూపు నా కడుపు మీద పడింది. ఒక్క క్షణం, అంతే. తిప్పి పరిచిన ముక్కలన్నీ రెండు చేతులా ఊడ్చేసింది, అన్నం మెతుకులు ఎత్తినట్టు. "ముందు ఎందుకు చెప్పలేదు? కడుపుతో ఉన్నవాళ్ళకి మా ఇంట్లో ముక్కలు వెయ్యం. మా అమ్మ వెయ్యలేదు, నేనూ వెయ్యను." బోర్లా ఉన్న ఆ ఆఖరి ముక్క వైపు ఆవిడ చెయ్యి వచ్చేలోపు నా అరచెయ్యి దాని మీద పడింది, కుడి చెయ్యి. "ఇదొక్కటీ చూపించండి." "వద్దు." "మీకు కనబడింది కదా, వాడు బతకడని. అందుకే ఊడ్చేశారు." "నాకేం కనబడలేదు హనీ. వాడు ఇంకా బల్ల దగ్గరికే రాలేదు. రానివాడికి ముక్కలు ఎలా పంచుతాను?" అప్పుడు ఏడుపు వచ్చేసింది. తెలుగులోనే ఏడ్చాను, తెలుగులోనే అంతా చెప్పేశాను, స్కానూ సూదీ మేనరికమూ దిండూ అన్నీ. మధ్యలో డాక్టర్ అన్న మాటొక్కటే ఆవిడకి అందుంటుంది. నా చెయ్యి మాత్రం తియ్యలేదు.

ఆవిడ లాక్కోవాలని చూడలేదు. తెర వైపు తిరిగి ఏదో కేకేసింది, అందులో 'పాని' అన్న మాట నాకు తెలిసింది. హిందీ సీరియళ్ళు చూసిన పుణ్యం. కోడలు కాబోలు, ఒకమ్మాయి కాగితం గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. తెర సందులోంచి వాళ్ళు తాగే గాజు గ్లాసులు వరసగా కనబడుతూనే ఉన్నాయి. బయటివాళ్ళకి వేరే. మా నాయనమ్మ ఇంట్లోనూ అంతే, పెరట్లో గూట్లో ఒక సొట్ట గ్లాసు ఉండేది. ఆ గ్లాసుని ఇటువైపు కూర్చుని చూడటం నాకు అదే మొదటిసారి. తాగడానికి కుడి చెయ్యి చాపాను. ఎడమ చేత్తో గ్లాసు అందుకోవడం పుట్టి బుద్ధెరిగి ఎరగను నేను. గొంతు తడుపుకుని చూసేసరికి బల్ల మీద ముక్క లేదు. ఆవిడ రుమాలు ముడి వేస్తోంది.

"మోసం," అన్నాను. "అవును," అంది. రాగానే నేనిచ్చిన నోటు మడతపెట్టి నా జాకెట్ జేబులో పెట్టేసింది. తర్వాత నా కుర్చీ పక్కకి వచ్చి నిలబడి, "నీ డాక్టరు చూసిందా వాణ్ణి?" అని అడిగింది. తల ఊపాను. "మరి చూసినవాళ్ళని వదిలేసి నా దగ్గరికొచ్చావేం?" "భయం." "నాకూ భయమే. అందుకే తీసేశాను," అంది. గుమ్మం దాకా వచ్చి జిప్పు మెడ వరకూ తనే లాగి, "తిను. పడుకో. పొద్దున్నే ఆ చూసినవాళ్ళనే అడుగు," అంది. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు నేను. వేసవిలో అటు వెళ్ళేసరికి కిటికీలో చెయ్యి బొమ్మ లేదు, ఎవరో టాక్స్ ఆఫీసు పెట్టారు.

ఆ సాయంత్రం బావకి ఫోన్ చేసి, "రేపు నేనే చేస్తాలే," అన్నాను. "నేను వచ్చేదాకా ఆగుతావా?" అన్నాడు. "ఆగితే మళ్ళీ చెయ్యను," అన్నాను.

మర్నాడు పొద్దున్న లేచి తలంటుకున్నాను. పెరుగన్నం కలుపుకుని గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నాను, చాలా రోజుల తర్వాత. మంచం మీద కూర్చుని క్లినిక్‌కి ఫోన్ చేసి, నా పేరూ పుట్టినరోజూ చెప్పాను. డాక్టర్‌ని పిలుస్తాను, లైన్లో ఉండండి అని హోల్డ్‌లో పెట్టారు. ఏదో పియానో పాట మొదలై, అయిపోయి, మళ్ళీ మొదలైంది. లోపల వాడు కదిలాడు. చెయ్యి వేసుకుని, త్వరగా రావద్దు, ఇంకాస్త ఆగండి అనుకుంటూ కూర్చున్నాను. అమెరికా వచ్చిన దగ్గర్నుంచీ ఫోన్లో ఎన్ని గంటలు అలా కాచుకుని ఉంటానో లెక్కలేదు, చాలకుండా పోయిన కాలం మాత్రం ఆ కాస్తే.