కుళ్ళాయప్ప పాయింటు రాయి

కుందుర్పి దగ్గర మా ఊళ్ళో బోరు వేయించాలంటే ముందు కుళ్ళాయప్పను పిలవాల్సిందే. టెంకాయను అరచేతిలో అడ్డంగా పెట్టుకుని చేనంతా తిరుగుతాడు. అది లేచి నిలబడిన చోట ఒక రాయి పెట్టి, ఇదే పాయింటు అంటాడు. నీళ్ళు పడితే అది ఆయన చేతి మహిమ. పడకపోతే బోరుబండివాడు వంకరగా దింపాడని అర్థం. ఇన్నేళ్ళలో తప్పు టెంకాయదీ కాలేదు, ఆయనదీ కాలేదు.

ఇక కోతలంటారా, ఆయన తర్వాతే ఎవరైనా. "ఈ నేలలో దేవుడైనా నన్నడిగే నీళ్ళిస్తాడప్పా" అని మీసం దువ్వేవాడు. పక్క చేను ఎలిజబెత్ దీనికి సరిగ్గా ఎదురు. రేపు కలుపుకు వస్తావా అంటే కూడా "దేవుని చిత్తమైతే వస్తా" అంటుంది. "మీ దేవునికి నీ కలుపు చూసుకోవడం తప్ప వేరే పని లేదా తల్లీ?" అని ఆయన నవ్వేవాడు.

పోయిన ఎండాకాలం కుళ్ళాయప్ప సొంత బోరే ఎండిపోయింది. చీనీ తోట, అదే బత్తాయి తోట, తొలి కాపు మీద ఉంది. ఆకులు ముడుచుకుని పిందెలు రాలుతున్నాయి. ఇంకొక్క బోరు వేయించే శక్తే మిగిలింది. అది తప్పితే తోటంతా పొయ్యిలోకే. ఆయన భార్య అక్కమ్మకు కంటి మీద కునుకు లేదు. ఆమె మొగుడు మాత్రం పాయింటు రాయి పెట్టి ఇంటింటికీ తిరిగాడు.

"గురువారం నా చేన్లో గంగమ్మ పైకొస్తాది. అందరూ వచ్చి తానాలు చేసి, ఓళిగలు తిని పోండి."

"దేవుని చిత్తమైతే వస్తాది అనన్నా" అంది ఎలిజబెత్.

"నేను పెట్టిన పాయింటుకు చిత్తమేంది తల్లీ?"

గురువారం పొద్దున ఆయన బోరుబండికి దారి చూపడానికి రోడ్డు మీదికి పోయాడు. ఊరందరికీ వండాలి కదా, అక్కమ్మ చేనులోనే పొయ్యి పెట్టింది. రెండు రాళ్ళు దొరికాయి. మూడోది చీనీ చెట్ల మధ్య బల్లపరుపుగా, చక్కగా కనిపించింది. తెచ్చి పెట్టింది. ఓళిగల పూర్ణానికి శనగబేడలు ఉడికి కుండ దించాక గానీ ఎలిజబెత్ చూడలేదు.

"అక్కా, అది అన్న పెట్టిన పాయింటు రాయి కదా!"

అక్కమ్మ ముఖంలో నెత్తురు లేదు. అంతలో బోరుబండి హారన్ వినిపించింది. తడి గోనెసంచితో రాయి పట్టుకుని చెట్ల మధ్యకు పరిగెత్తింది. ఎక్కడి నుంచి తీసిందో ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు. ఏదో ఒక చోట మసి కిందికి వచ్చేలా పెట్టి వచ్చేసింది.

కుళ్ళాయప్ప పెళ్ళికొడుకులా దిగాడు. రాయికి పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, "దింపు" అన్నాడు. బండివాడు రాయిని పక్కకు నెట్టి గొట్టం దింపాడు.

దుమ్ము లేచింది. మధ్యాహ్నం దాటినా దుమ్మే. వచ్చినవాళ్ళు ఓళిగలు తిన్నారు గానీ తానాల మాట ఎవరూ ఎత్తలేదు. కుళ్ళాయప్ప మీసం మీద తెల్లటి పొడి పేరుకుంది. చెయ్యి మాత్రం అటు పోవడం లేదు. అక్కమ్మ కుళ్ళాయిస్వామికి మొక్కుకుంటోంది. ఎలిజబెత్ కొంగు తల మీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది.

బండివాడు ఇంజను ఆపబోతుండగా దుమ్ము నల్లబడింది. తర్వాత బురద. ఆ తర్వాత చెట్ల కంటే ఎత్తున నీళ్ళు!

పిల్లలు, పెద్దలు అందరూ తడిశారు. కుళ్ళాయప్పకు ప్రాణం లేచి వచ్చింది, నోరూ లేచి వచ్చింది.

"చూసినారా! నేను పెట్టిన రాయి! దీన్ని ఇంట్లో పటాల పక్కన పెడతా" అంటూ రాయిని ఎత్తాడు. కింది పక్కంతా మసి. అరచేతులు నల్లగా అయ్యాయి.

"అక్కమ్మా, ఇదేంది?"

"పొయ్యికి పెట్టుకుంటి."

"మరి ఈడ పెట్టిందెవరు?"

"నేనే. యాడ తీసినానో తెలీక, యాడో పెట్టేస్తి."

జనం పడీపడీ నవ్వారు. ఆయన తను పెట్టిన చోటు కోసం చెట్ల మధ్య చూశాడు. ఆయనకూ గుర్తు లేదు.

"ఏమన్నా, దేవుడు నిన్నడిగే ఇస్తాడంటివే?" అంది ఎలిజబెత్.

నీళ్ళు పారుకుంటూ వచ్చి మొదటి చీనీ చెట్టు పాదులోకి దిగుతున్నాయి. కుళ్ళాయప్ప వాటినే చూస్తూ ఆ మసి చేతులతోనే కళ్ళు తుడుచుకున్నాడు.

"నన్ను అడగకనే ఇచ్చినాడు తల్లీ. అడిగింటే, ఆ పక్క యాడో చూపించిందును."