చదువు రానివాడి దగ్గరి చూపు

రిటైరవడానికి నాలుగేళ్ల ముందు, జూన్ మొదటి సోమవారం నాడు, నందివాడ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి నన్ను మచిలీపట్నంలోని ఒక ట్రస్టు కంటి ఆసుపత్రికి మూడు నెలల డిప్యుటేషన్ మీద పంపారు. నా హోదా ఆప్తాల్మిక్ ఆఫీసర్. పేరు పెద్దదే గాని డాక్టర్ని కాను. చూపు పరీక్షించడం, అద్దాల నంబరు రాయడం, శుక్లాలున్నవాళ్లను గుర్తించి ఆపరేషన్‌కు పంపడం మా పని. ఊళ్లో "కళ్ల డాక్టరుగారు" అనేవారు. నేను సరిదిద్దేవాణ్ణి కాదు.

ఆ ఆసుపత్రికి విదేశంలోని ఒక పెద్ద కంటి ఆసుపత్రితో ఒప్పందం కుదిరింది. అక్కడి సర్జన్లు వచ్చి ఇక్కడి కుర్ర డాక్టర్లకు కొత్త పద్ధతులు నేర్పుతారు. వాళ్ల కుర్ర డాక్టర్లు మన కేసులు చూసి చేయి తిరిగేలా సాధన చేసుకుంటారు. మధ్యలో మాట అందించే మనిషి కావాలి. ఆ పనికి నన్ను ఎంచారు. నేను ఇంటర్, ఆపైన రెండేళ్ల డిప్లొమా చేశాను. ఇంగ్లీషు మాత్రం గుడివాడ గ్రంథాలయంలో నిఘంటువు పక్కన పెట్టుకుని ఏళ్ల తరబడి సాయంత్రాలు కూర్చుని నేర్చుకున్నది. వచ్చిన సర్జన్ డాక్టరమ్మ గారు మొదటి రోజే నేను ఏ కాలేజీలో చదివానని అడిగారు. గ్రంథాలయంలో అన్నాను. ఆ మాట ఆవిడ తన నోటుబుక్కులో రాసుకున్నారు. ఆ వారమంతా నా కాళ్లు నేల మీద ఆనలేదు.

ఒప్పందంతో పాటు ఒక కార్డు కూడా వచ్చింది. భాగస్వామ్యం ఉన్న అన్ని దేశాల్లోనూ అదే కార్డు. శుక్లం తీసేశాక కంట్లో పెట్టే లెన్స్ ఒక్క దూరానికే స్పష్టత ఇస్తుంది. దూరపు చూపుకు పెడితే దగ్గరికి అద్దాలు కావాలి, దగ్గరికి పెడితే దూరానికి కావాలి. ఏది పెట్టాలన్నది కార్డులో ఒక ప్రశ్న తేలుస్తుంది: రోగి చదువుతారా? చదువుతానన్నవాళ్లను డాక్టరు విడిగా కూర్చోబెట్టి మాట్లాడతారు. చదవనివాళ్లకు మారు మాట లేకుండా దూరపు చూపే. వృత్తి గడిలో మూడే మాటలుండేవి: రైతు, కూలీ, ఇతరులు.

మూడో వారంలో పెడన నుంచి నాంచారయ్య వచ్చాడు. అరవై దాటిన మనిషి. రెండు కళ్లకూ శుక్లాలు, కుడి కన్ను ముదిరింది. ఏం పని చేస్తారంటే, "కలంకారీ షెడ్డులో పనండి" అన్నాడు. కూలీ అని టిక్కు పెట్టాను. చదువుతారా అంటే నవ్వి, "మాకు చదువెక్కడిదండీ, వేలిముద్ర" అన్నాడు. చదవరు అని టిక్కు పెట్టాను. కనుగుడ్డు పొడవు కొలిస్తే మామూలుకంటే ఎక్కువొచ్చింది. అంటే పుట్టుకతోనో చిన్నతనంలోనో వచ్చిన హ్రస్వదృష్టి. దూరం మసకైనా దగ్గరిది అద్దాలు లేకుండా కనపడే కన్ను. అలాంటివాళ్లకు కొంత హ్రస్వదృష్టి మిగల్చడం మంచిదని నేను చదివాను. అది ఏ పేజీలో ఉందో, ఎడమ వైపునో కుడి వైపునో కూడా గుర్తే. అయినా చదువు రాని మనిషికి దగ్గరి చూపుతో ఏం పని అనుకున్నాను. అంగీకార పత్రం మీద బొటనవేలి ముద్ర వేయిస్తే సరిగా పడలేదు. వేలు కాయకాచి ఉంది. నేనే పట్టుకుని గట్టిగా అదిమి, రెండోసారి వేయించాను.

ఆపరేషన్ డాక్టరమ్మ గారి పర్యవేక్షణలో మన కుర్ర డాక్టరు చేశాడు. మచ్చ లేని పని. మర్నాడు కట్టు విప్పి, చదువు రానివాళ్లకు పెట్టే చార్టు చూపిస్తే, నాంచారయ్య చివరి వరుస దాకా ఏ గుర్తు ఎటు తిరిగి ఉందో వేళ్లతో దిక్కులు చూపించాడు. "ఆ గోడ మీది బల్లి గుడ్లు పెడితే ఎన్నో ఇక్కణ్ణుంచే చెప్తానండి" అన్నాడు. సిక్స్ బై సిక్స్, అంటే లోటు లేని దూరపు చూపు. అందరూ చప్పట్లు కొట్టారు, ఫొటో తీశారు.

నెల తరవాత తువ్వాల్లో ఏదో చుట్టుకుని వచ్చాడు. విప్పితే టేకు దిమ్మ. దాని మీద సగం చెక్కిన లత, ఆకుల అంచులు వెంట్రుకంత సన్నం. బట్ట మీద అద్దే అచ్చులు చెక్కేవాడతను. దిమ్మను మొహానికి జానెడు దూరంలో పెట్టుకుని, తరవాత చెయ్యి బారుగా చాపి, మళ్లీ దగ్గరికి తెచ్చి, బల్ల మీద పెట్టేశాడు.

"గేటు దగ్గర ఎద్దు కొమ్ములు కనపడతన్నాయండి. నా చేతిలో ఆకు కనపట్టంలేదు. ఎద్దు కొమ్ములతో నాకేం పని?"

దగ్గరికి అద్దాలిచ్చాను. వారం తరవాత మళ్లీ వచ్చాడు. ఒక కన్ను మారి రెండోది మారకపోవడంతో అద్దాల్లోంచి బొమ్మ రెండు కళ్లకూ ఒక సైజులో లేదు. ఉలి ఎంత లోతు దిగుతోందో తెలియడం లేదు. ఆకు కొన తెగిపోయింది.

నెలనెలా రెండు ఆసుపత్రులూ కలిసి వీడియోలో కేసులు చర్చించేవాళ్లు. ఈ కేసు పెడదామని మా ఆసుపత్రి మెడికల్ డైరెక్టర్ గారిని అడిగాను. నా పుస్తకాల పిచ్చి చూసి ఆయన నన్ను మాష్టారూ అనేవారు. "సిక్స్ బై సిక్స్ వచ్చిన కేసుని మనమే పాడైందని చెప్పుకుంటామా మాష్టారూ?" అన్నారు. అప్పటికి తన దేశం వెళ్లిపోయిన డాక్టరమ్మ గారికి నేనే ఉత్తరం రాశాను, కార్డులో పని గురించి, పని చేసే దూరం గురించి ఒక గడి చేర్చమని. ఆవిడ మర్యాదగానే జవాబిచ్చారు. కార్డు అన్ని దేశాలదీ, మార్చడం కుదరదు. రెండో కంటికి దగ్గరి చూపు మిగిల్చే లెన్స్ పెట్టొచ్చు, మనిషిని తీసుకురండి. చివర ఒక వాక్యం: అతను చెక్కుడు పనివాడని మీరు నాకెందుకు చెప్పలేదు?



నాంచారయ్యను ఒప్పించడానికి పెడన వెళ్లాను. ఈసారి జానెడు దూరానికే లెన్స్ పెడతారని, నేను దగ్గరుండి చూసుకుంటానని చెప్పాను. అరుగు మీద కుర్చీ వేసి, మజ్జిగ ఇప్పించి, మొత్తం విన్నాడు.

"ఒక కన్ను మీకిచ్చానండి. ఇది నాకుండనివ్వండి" అన్నాడు.

"అది కూడా మసకబారుతుంది నాంచారయ్యా."

"బారనివ్వండి. ఉన్నన్నాళ్లు నాదే కదా."

ఏడాదిన్నర ఆ ఎడమ కంటితోనే ముతక అచ్చులు చెక్కాడు. తరవాత దాన్నీ శుక్లం కమ్మేసింది. ఇప్పుడు కాలవలో అద్దకం బట్టలు జాడించే పని చేస్తున్నాడు, ఆ షెడ్డుకే. ఇప్పుడు నిజంగానే కూలీ. ఒప్పందం గడువు తీరాక నున్నటి కాగితం మీద నివేదిక వచ్చింది. అందులో అతని ఫొటో ఉంది, చెయ్యెత్తి దిక్కు చూపిస్తూ. కుడి కన్ను ఈనాటికీ సిక్స్ బై సిక్స్.

కార్డు తప్పు, డైరెక్టర్ గారి తప్పు చెప్పుకోవడం తేలిక. కాని ఆ రెండు టిక్కులూ నావి. అచ్చులు చెక్కే ఊరికి గంట దూరంలో పుట్టి పెరిగినవాణ్ణి నేను, కార్డు రాసినవాళ్లు కాదు. దగ్గరి చూపు అంటే పుస్తకమేననే పొరపాటు చదువుకున్నవాడు మాత్రమే చేస్తాడు. మనిషి వేలు పట్టుకుని ముద్ర వేయిస్తున్నప్పుడు, ఆ కాయ ఎలా కాచిందో అడగాలి. అడగడానికి కార్డులో గడి అక్కర్లేదు.