పసుపు గుడ్డ ఎర్రబడేదాకా

బాన్సువాడ బస్టాండుకు పోయే దారిలో కొత్తగా ఒక బ్యాటరీ దుకాణం పెట్టారు. మొన్న పొద్దున దాని ముందు నుంచి నడుస్తుంటే గొంతులో పుల్లటి ఘాటు తగిలి దగ్గు వచ్చింది. చూస్తే, పాత ట్రాక్టర్ బ్యాటరీని మురుగునీటి మోరీ అంచున బోర్లించారు. అందులోని ఆసిడ్ సిమెంటు మీద నురగలు కక్కుతూ కిందికి జారుతోంది. లోపల గోడకు అద్దాల చట్రంలో ఏవో అనుమతి పత్రాలు వేలాడుతున్నాయి. ఆసిడ్‌ను విరిచే సున్నం బస్తా మాత్రం ఎక్కడా లేదు. సున్నం లేకుండా ఇదేం పని అని అడిగితే, "దానికి ఖర్చు ఎవరు వెట్టుకుంటరు తాతా? వానొస్తే అదే కొట్టుకపోతది" అన్నాడు కుర్చీలోని మనిషి. నాకు ఒళ్లు మండిపోయింది. నాలుగు మాటలు అనేసి వచ్చాను. కానీ ఇంటికి చేరేసరికి కోపం పోయి సిగ్గు మిగిలింది. ఆ వాన మాట ఒకప్పుడు నేను నమ్మిందే. నమ్మి ఏం చేశానో తెలిసిన గంగమణి ఇప్పుడు లేదు.

ఆమెను మీరు చూడలేదు కనుక చెప్తాను. తొంభైల నడుమ ఆమె భర్త జ్వరంతో పోయాడు. బ్యాటరీ దుకాణం అమ్ముకుని పుట్టింటికి పొమ్మన్నారు అందరూ. ఆమె పోలేదు. ముప్ఫై ఏళ్లు కూడా నిండని మనిషి, కొంగు బిగించి దుకాణంలో కూర్చుంది. నాకు అప్పటికే నలభై దాటాయి. వడ్ల బస్తాలు మోసే నా ఎడ్లబండిని ట్రాక్టర్లు తినేశాయి. ఆ ట్రాక్టర్ల బ్యాటరీలు మోసే పనికే ఆమె దగ్గర చేరాను. నేను చెల్లె అనేవాణ్ణి, ఆమె అన్నా అనేది. నేను బడికి పోలేదు. సామాను చుట్టి వచ్చే పేపర్ ముక్కలు కూడబలుక్కుంటూ చదువు నేర్చుకున్నాను. ఆ గర్వం కొంచెం ఎక్కువగానే ఉండేది.

భర్త ఉన్నప్పుడు పాత ఆసిడ్ వెనక మోరీలోకే పోయేదట. మోరీ పక్కనున్న గోరింట చెట్టు నిలువునా ఎండిపోయిందట. దాన్ని చూసిన రోజు నుంచి ఆ నీళ్లు ఎవరి ఇంటి వెనక్కి పోతున్నాయోనని గుబులు పట్టుకుందని చెప్పేది. అందుకే పెరట్లో రాతి తొట్టి పెట్టించింది. సున్నపు నీళ్లు కలిపి, అందులో ఆసిడ్‌ను చిన్న గిన్నెతో కొద్దికొద్దిగా పోయించేది. మధ్యమధ్య పసుపు రాసిన గుడ్డ ముంచి చూసేది. గుడ్డ ఎర్రబడితే సున్నం గెలిచినట్టు. పసుపుగానే ఉంటే ఆసిడ్ ఇంకా మిగిలినట్టు. ఎర్రబడనిదే చుక్క నీరు బయటికి వదలనిచ్చేది కాదు. వెనక గల్లీలో పాలమ్ముకునే పోశవ్వ ఒకరోజు అది చూసి, మొగడు పోయినదానికి చేతిలో పసుపేందని దెప్పింది.

"మొఖానికి వద్దన్నరు గని, మోరీకి వద్దని ఎవ్వరన్లేదు అవ్వా" అంది గంగమణి తలెత్తకుండానే. పోశవ్వ నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పోయింది.

ఇదంతా డబ్బున్న వాళ్ల సోకు అనుకునేరు. ఆమెకు అంత రాబడి లేదు. సున్నం కొనేది కాదు. ఇళ్లు కట్టేచోట, గోడలకు వెల్ల వేసేచోట గుంత అడుగున మిగిలిపోయిన సున్నం అడిగి తెచ్చేవాళ్లం. వాళ్లకు పారబోసే చాకిరీ తప్పేది, మాకు ఖర్చు తప్పేది. బ్యాటరీల్లోంచి తీసిన పాత సీసం పలకలను ఊళ్లోనే కరిగించేవాడు ఎక్కువ ధర ఇస్తానన్నా, ఆ పొగ పక్కనున్న బడి మీదికి పోతుందని ఆమె ఇవ్వలేదు. తొట్టి అడుగున పేరుకున్న మడ్డిని కూడా ఎండబెట్టి, పలకలతో పాటు నిజామాబాద్ కార్ఖానాకు పంపేది. బీర్కూర్‌లోని బ్యాటరీ దుకాణం వాళ్లవీ కలిపి ఒకే బండి మాట్లాడితే కిరాయి సగమయ్యేది.

ఒక వానాకాలం ఎవరూ వెల్ల వేయలేదు, సున్నం అయిపోయింది. పాత ఆసిడ్ డబ్బాలు నిండిపోయాయి. ఆమె బీర్కూర్ పోయిన రోజు జోరు వాన. నీళ్లు కలిపితే ఆసిడ్ బలం తగ్గుతుందని నేను కొత్త ఆసిడ్ క్యాన్ మీద చదివి ఉన్నాను. ఇంత వాన ఊరికే పోతుంటే సున్నం కొనడమెందుకు, చెల్లెకు ఖర్చు తప్పుతుంది కదా అనుకుని డబ్బాలన్నీ మోరీలో గుమ్మరించాను. పది నిమిషాల్లో వాన ఆగిపోయింది.

మర్నాడు పోశవ్వ ఏడుస్తూ వచ్చింది. గల్లీలో మోరీ పొంగి నిలిచిన గుంతలో ఆమె బర్రె నీళ్లు తాగింది. నాలుక తోలు ఊడింది, గడ్డి ముట్టడం లేదు. ఆ ఇంటికి ఉన్నది ఆ ఒక్క బర్రే. జనం పోగయ్యారు. గంగమణి సున్నం జాడ లేని తొట్టినీ ఖాళీ డబ్బాలనూ చూసింది. అది తన దుకాణంలోదేనని, పశువుల డాక్టరును తానే పిలిపిస్తానని అందరి ముందు ఒప్పుకుంది. జనం పోయాక నా వైపు తిరిగింది. నేను క్యాన్ మీద చదివింది చెప్పాను.

"చదివినవ్ గని, నీళ్లు ఏడికి పోతయో చూసినవా అన్నా?"

పోశవ్వకు నువ్వే చెప్పాలంది. దుకాణందేనని నువ్వు చెప్పావు కదా, చాలదా అని గొణిగాను.

"దుకాణానికి నోరుంటదా?" అంది. "పా, నేనొస్త."

వచ్చింది, కానీ రెండిళ్ల ఇవతలే ఆగిపోయింది. మిగతా దూరం నేనొక్కణ్ణే నడిచాను. పోశవ్వ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను, అన్నిటికీ నేను తగినవాణ్ణే. చివరికి, "రేపటి సంది నువ్వే వచ్చి జావ తాపు. నీ చేతితోని తాగుతదో లేదో నేను జూడాలె" అంది.

మొదటి రోజుల్లో బర్రె నన్ను చూసి మొహం తిప్పుకునేది. కారిపోయిన జావ తుడుచుకుని దుకాణానికి వస్తే గంగమణి వేరే మాటే అడిగేది కాదు. "తాగిందా?" అనేది. లేదని చెబితే తలొంచుకుని పనిలో పడేది. ఆమె సున్నం కొన్నది. ఆ ఖర్చు కోసం మా ఇద్దరి మధ్యాహ్నం చాయ్ మానిపించింది. ఇరవై రోజులు దాటాక బర్రె గుప్పెడు పచ్చగడ్డి నమిలింది. పరుగున వచ్చి చెప్పాను. ఆమె గడప మీద కూలబడి, చాలాసేపు కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నన్ను పనిలోంచి తీసేస్తుందని అన్ని రోజులూ భయపడ్డాను. ఆ మాట ఆమె ఎత్తనే లేదు.

రెండు వేల సంవత్సరం దాటాక మూత తెరవనక్కర్లేని బ్యాటరీలు వచ్చాయి. మా పని తగ్గిపోయింది. ఆమె దుకాణం మూసి బోధన్ వైపు తోడబుట్టిన అన్న ఇంటికి వెళ్లిపోయింది. ఒకసారి పోయి చూసి రావాలని ఎన్నేళ్లు అనుకున్నానో. పోయేలోపే ఆమె పోయిన వార్త వచ్చింది, అదీ నెల తర్వాత.

ఈ వయసులోనూ పొరపాట్లు చేస్తూనే ఉన్నాను. నా వల్ల ఎవరికి నష్టం జరిగినా, వాళ్లు వెతుక్కుంటూ రాకముందే నేనే వాళ్ల ఇంటికి పోతాను. తలుపు తట్టే ముందు ఒకసారి వెనక్కి చూస్తాను. రెండిళ్ల అవతల, ఆ రోజు చెల్లె ఆగినంత దూరంలో, గల్లీ ఖాళీగా ఉంటుంది. కాసేపు అటే చూసి, అప్పుడు తలుపు తడతాను.