చెంచాకు పూసిన ముద్ద

పోలీసు యాక్షన్ జరిగి నాలుగైదు నెలలై, అల్వాల్ చెరువు గట్టున జనం మళ్లీ గట్టిగా నవ్వుకోవడం మొదలుపెట్టిన రోజులవి. అంతకుముందు ఏడాదంతా పొద్దు గూకకముందే తలుపులు బిగించుకున్నవాళ్లం, నవ్వడానికి ఏ సాకు దొరికినా వదిలేవాళ్లం కాదు. ఆ సాకుల్లో పెద్దది మా చెంచా దొర. బొల్లారంలో ఉండే ఈ తెల్ల ముసలాయన రైలింజను నడిపి రిటైరయ్యాడు. ప్రతి శనివారం మా నాయన పడవెక్కి, గాలానికి ఎర గుచ్చకుండా చెంచాలాంటి ఇత్తడి బిళ్ల కట్టి నీళ్లలోకి విసిరేవాడు. చక్రం తిప్పి దారం లాగేవాడు, మళ్లీ విసిరేవాడు. ఒక్క కొర్రమట్ట చేపనైనా పట్టాలని ఆయన పంతం. పదకొండేళ్లలో చిన్నాచితకా పడ్డాయి గాని కొర్రమట్ట పడలేదు. ("చెంచా ఏసిండు, ఇగ గిన్నె ఎప్పుడేస్తడో!" అనేది గట్టు మీద మా మేనత్త.)

ఆ చలికాలంలోనే దొర ఓడెక్కి తన బిడ్డ దగ్గరికి వెళ్లిపోతున్నాడని తెలిసింది. ఆ శనివారమే ఆఖరు. నాకు పద్నాలుగేళ్లు. పడవలోకి ఊరే నీళ్లు డబ్బాతో తోడిపోయడం, చెంచాకు చుట్టుకున్న నాచు తీసివ్వడం నా పని. (దొరకు చేతులు వణుకు, చూపు ఆనదు.) మాది తరతరాలుగా చేపలు పట్టే ఇల్లు. ఎర లేని గాలం చూస్తే నాకు పొయ్యి వెలిగించకుండా కుండ పెట్టినట్టుండేది. పాపం, ఈయనకు ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదేమో అనుకున్నాను. మా అవ్వ గోధుమపిండిలో వెల్లుల్లి, ఎండు రొయ్యల పొడి, ఇంకేవేవో కలిపి ఎర ముద్ద చేసేది. అందులో ఏముందో కన్నకొడుక్కి కూడా పూర్తిగా చెప్పేది కాదు. ఒక ఉండ దొంగిలించి ఓణీ కొంగున ముడేసుకున్నాను.

నాయన వెనక కూర్చుని తెడ్డేస్తున్నాడు. నేను నాచు తీసే నెపంతో చెంచాకు ముద్ద మెత్తి దొర చేతికిస్తున్నాను. చేప ముట్టలేదు. ఇంకా మందంగా మెత్తాను. మధ్యాహ్నానికి దొర భుజాలు వాలిపోయాయి. "ఈ చెరువుకు నా మీద ఏం గుస్సానో!" అన్నాడు. అప్పుడు నాయన తెడ్డు ఆపి గాలి పీల్చాడు.

"ఏందీ వాసన? ఇది మా అమ్మ ముద్ద గదనే!"

నా కొంగు చూశాడు. చెంచా చూశాడు. "సత్తెనాశనం చేసినవ్ గదే! అది నీళ్లల్ల గిరగిర తిరిగి తళతళ మెరిస్తెనే, చిన్న చేప అనుకొని కొర్రమట్ట మీద పడ్తది. దానికి గోడకు పూసినట్టు పూస్తివి!"

"ఎర లేకుంటే ఎట్ల పడ్తది దొరా... పాపమనిపించింది," అని నేను ఏడుపందుకున్నాను.

ఆయనకు మిగిలింది ఆ ఒక్క రోజు. అందులో సగం నేను మింగేశాను. దొర పడవ ఊగేలా నవ్వాడు. "గట్టు మీద అందరు నన్ను చూసి నవ్విన్రు బేటీ. పాపం అన్నది నువ్వొక్కదానివే. ఏడ్వకు, జెర కడిగియ్యి."

కడిగి, ఓణీతో తళతళలాడేదాకా రుద్దిచ్చాను. నాలుగో విసురుకో ఐదో విసురుకో తామరాకుల పక్కన నీళ్లు భళ్లుమన్నాయి. గాలం కర్ర వంగిపోయింది.

"వదలకు దొరా, వదలకు!" అని నాయన.

"నేను వదుల్తలేను, అదే నన్ను వదుల్తలేదు!" అని దొర.

నేను నీళ్లు తోడటం మరిచిపోయి పాదాలు మునిగేదాకా అరుస్తూనే ఉన్నాను. చివరికి నాయన చేతివలతో ఎత్తితే, నా చెయ్యంత కొర్రమట్ట! దొర టోపీ తీసి దానికి సలాం చేశాడు.

ఆ సాయంత్రం ఆయన మొదటిసారి మా ఇంటికొచ్చి, చాప మీద కూర్చుని పులుసు తిన్నాడు. "నా ముద్దల ఏం తప్పు లేదు దొరా, నీ చెంచాదే తప్పు," అని అవ్వ తగువేసుకుంది. వెళ్లేటప్పుడు ఆయన చెవిలో ముద్ద గుట్టంతా చెప్పేసింది. నాయన లబలబలాడితే, "సముద్రం అవతలికి పోతుండు, ఎవ్వరికి చెప్తడురా!" అంది.

ఇప్పుడు తలచుకుంటే ఆ పిల్లను చూసి నవ్వొస్తుంది. (అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి గాని, చేపల సంగతి మాత్రం పుట్టుకతోనే వచ్చనుకున్నాను.) దొర ఆ రోజు ఒక్క మాట కసిరి ఉంటే, అడగని సాయం చేయడం అక్కడే మానేసేదాన్ని. ఆయన కసరలేదు. ఆ చలవతో ఇన్నేళ్లుగా చేస్తూనే ఉన్నాను, సగానికి సగం చెడగొడుతూనే ఉన్నాను. ఆ సాయాలు భరించే నా కోడళ్లు ఆయన్ని ఏమనుకుంటారో గాని, నేను మాత్రం దండం పెట్టుకుంటాను.