బుగ్గయ్య మందుల ఫ్రిజ్

అల్లుడు అలిగి కంచం ముందు నుంచి లేస్తే ఏ మామైనా కాళ్లబేరానికి వస్తాడు. మా బుగ్గయ్య రాలేదు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను.

బోనాల పండుగ. మా గోడకు గోడ ఆనుకున్న ఇల్లే చేపలమ్మే బుగ్గయ్యది. తుక్కుగూడ నుంచి అల్లుడు దశరథ వచ్చాడు. ప్లాట్లు అమ్మించి బాగుపడ్డవాడు. మెడలో గొలుసు, చేతిలో బీరు సీసాల సంచి. పళ్లెంలో వడ్డన మొదలవుతుంటే లేచి, లోపలి గదిలో ఉన్న చిన్న ఫ్రిజ్ తలుపు మీద చెయ్యి వేశాడు. బుగ్గయ్య అడ్డం వచ్చి నిలబడ్డాడు.

"అల్లుడా, అది పిల్ల మందుల ఫ్రిజ్. అండ్ల వేరేటియి పెట్టం."

"ఏంది మామా, అర్ధగంట సేపు. నా సీసాలు మందులను కొరుకుతయా?"

"కొరకయి. నీ సీసాలు ఏడి మీదున్నయ్. అవి సల్లబడేలోపల మందులు ఏడెక్కుతయ్. చేపల తొట్టిల ఐస్ మస్తుంది, అండ్ల పెట్టుకో."

"నీసు వాసనల పెట్టుకొని తాగాల్నా? గింత మర్యాద లేని ఇంట్ల నేను తిన. ఏమే, పిల్లలను లేపు, పోదాం!"

బుగ్గయ్య బిడ్డ కళ్లలో నీళ్లు. కోడలు నిర్మల గరిటె పట్టుకుని అట్లాగే నిలబడింది. బుగ్గయ్య గొంతు పెంచలేదు. గుమ్మం దగ్గరికి పోయి, చిందరవందరగా పడి ఉన్న అల్లుడి చెప్పులను ఏరి, రెండూ జతచేసి బయటి వైపు తిప్పి పెట్టాడు.

"నిర్మలా, అల్లునికి మాంసం టిఫిన్ల సదురు. తొవ్వల ఆకలైతది."

దశరథ చెప్పుల వంక చూశాడు. పొయ్యి మీది గిన్నె వంక చూశాడు. వచ్చి మళ్లీ కంచం ముందు కూర్చున్నాడు. సీసాలు చేపల తొట్టిలోకే పోయాయి. గుటక గుటకకూ మొహం చిట్లించాడు గానీ ఒక్కటీ మిగల్చలేదు.

బుగ్గయ్య పోయి ఏడాది దాటింది. పొద్దున్నే సందు మలుపులో "బొచ్చె, రవ్వ, కొర్రమట్ట!" అని అతను పెట్టే కేక లేక నాకు ఇప్పటికీ తెల్లవారినట్టు ఉండదు. ఇప్పుడు బండి మీద మైకు కట్టుకుని ఎవడో వస్తాడు. మైకుకు నాతో తగవు పడటం తెలియదు. "నిన్నటి చేపను ఇవ్వాళ్టి ధరకు అమ్ముతవా" అని నేను, "నిన్నటిదైతే నీకే ఊరికే ఇస్త, తిని సూడక్కా" అని అతను. అట్లా నలభై ఏళ్లు మాట్లాడుకున్నాం. నన్ను మాటతో గెలిచినవాడు ఈ వాడలో అతనొక్కడే. అదీ ఎప్పుడో ఒకసారి.

చేపలు పట్టే ఇంట్లో పుట్టిన మనిషి. చెరువు ఎండిపోయిన ఏళ్లలో పట్నం నుంచి చేపలు తెచ్చి అమ్మాడు, చెరువు నిండిన ఏడు మళ్లీ వల దులిపాడు. అప్పుడు అతని మొహం చూడాలి, పెళ్లికొడుకే. ఏ కాలంలోనైనా అతని పక్కన ఒక తెల్లటి థర్మాకోల్ పెట్టె, దాని నిండా ఐస్ ఉండేవి. చేపను ఎట్లా కాపాడాలో అతనికి ఎవరూ చెప్పక్కరలేదు.

చెరుపు అక్కడే వచ్చింది.

మనవరాలు త్రివేణి రెండో తరగతిలో ఉండగా పిల్లకు షుగర్ వచ్చింది. చిన్నపిల్లకు షుగర్ ఏమిటని వాడంతా ముక్కున వేలేసుకుంది. మిఠాయిలు పెట్టి చెడగొట్టారని ఒకతె అన్నది. ఆమెకు నేను చెప్పిన జవాబు ఇక్కడ రాయదగ్గది కాదు. పట్నం దవాఖానలో ఇన్సులిన్ సీసాలిచ్చి, రోజూ సూది వెయ్యాలన్నారు, మందు సల్లగా ఉంచాలన్నారు. కొడుకు బాలేష్ లారీ మీద ఊళ్లు తిరుగుతాడు. నిర్మల కొంగరకలాన్ ఫ్యాక్టరీలో షిఫ్టులకు పోతుంది. ఇంట్లో ఫ్రిజ్ లేదు. సల్లగా ఉంచే పని తాత నెత్తిన పడింది.

సల్లదనం అంటే బుగ్గయ్యకు ఐస్. కొత్త థర్మాకోల్ పెట్టె కొని, అడుగున ఐస్, నడుమ మందు సీసాలు, పైన మళ్లీ ఐస్ దట్టించాడు. కొర్రమట్టను కూడా అంత శ్రద్ధగా సర్దలేదు. పొద్దున తీస్తే మందు గడ్డ కట్టి ఉంది. కరిగించి సూది వేశారు. పిల్లకు మందు ఎక్కుతూనే ఉంది, పిల్ల ఎండిపోతూనే ఉంది. ఒక మధ్యాహ్నం వాంతులు. తర్వాత మత్తు, రొప్పు. నిర్మల డ్యూటీలో ఉంది. బుగ్గయ్య పిల్లను భుజాన వేసుకుని పరుగెత్తాడు, వెనక నేను. ఆటోలో దారి పొడుగునా పిల్ల చెంపలు తడుతూనే ఉన్నాడు.

పిల్ల దక్కింది. నర్సు మందు ఎక్కడ పెట్టారని అడిగింది.

"ఐస్‌ల పెట్టినమ్మా. రాయి లెక్క గడ్డ కట్టేటట్టు పెట్టిన" అన్నాడు, మెచ్చుకుంటుందని.

"గడ్డ కడితే అది ఇక మందు కాదు తాతా. కరిగినా పనిచెయ్యదు. పారెయ్యండి."

బుగ్గయ్య దవాఖాన వరండాలో గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. నాతో అన్నాడు:

"చేపను సచ్చినంక ఐస్‌ల పెడ్తమక్కా. మందు పానమున్నది. పానమున్నదాన్ని నేను గడ్డ కట్టిచ్చిన."

కొన్నాళ్లు మందు మా ఇంటి ఫ్రిజ్‌లో ఉంచాడు. మా ఇంట్లో ఒకడు పాలకు, ఒకడు పెరుగుకు, మనవలు ఊరికే చల్లగాలికి, గంటగంటకూ ఆ తలుపు తీస్తారు. ఒక రోజు వచ్చి సీసాలన్నీ తీసుకుపోతానన్నాడు. నాకు మండింది.

"ఏం, నా ఫ్రిజ్‌కు రోగమొచ్చిందా?"

"నీ ఫ్రిజ్ మంచిదే అక్కా. దాని తలుపుకే ఫుర్సత్ లేదు."

చదువులు అయిపోయిన ఇంజనీరింగ్ పిల్లలు హాస్టల్ ఖాళీ చేస్తుంటే వాళ్ల దగ్గర చిన్న ఫ్రిజ్ ఒకటి కొని ఆటోలో తెచ్చాడు. నడుము ఎత్తు లేదు. సోడా నీళ్లతో తోమి, రెండు రోజులు తలుపు తీసి ఎండగాలికి పెట్టాడు. వంటింట్లో పెడదామంది నిర్మల, పొయ్యి సెగ తగులుతుందని వద్దన్నాడు. పడమటి గోడ మధ్యాహ్నానికి కాలిపోతుందని దాన్నీ వద్దన్నాడు. లోపలి గదిలో, గోడకు జానెడు దూరంలో, చెక్క పీట మీద నిలబెట్టాడు. మన్నెగూడలో స్టెబిలైజర్ కొన్నాడు.

మందు వెంటనే పెట్టాడా? లేదు. లోపల చిన్న థర్మామీటర్ వేలాడదీసి, ఖాళీ ఫ్రిజ్‌ను నడిపించి, మీట కొంచెం కొంచెం తిప్పుతూ కూర్చున్నాడు. రెండు డిగ్రీలకూ ఎనిమిదికీ నడుమ ఉండాలని నర్సు చెప్పిందట. ముల్లు ఆ నడుమ కుదురుగా నిలిచిందాకా మందు మా ఇంట్లోనే. పైన ఐస్ కట్టే అరకు దూరంగా, వెనక గోడకు తగలకుండా, నడిమి అరలో మూత డబ్బా. అందులో ముందు తెచ్చింది ముందు, వెనక తెచ్చింది వెనక. మిగిలిన జాగాలో నీళ్ల సీసాలు నింపాడు. కరెంటు పోతే ఆ నీళ్ల చలువ కాసేపు కాస్తుందని. వచ్చిన చుట్టాలు అవి తాగే నీళ్లనుకుని తలుపు తీయబోతుంటే, సీసాలన్నిట్లో ఇంత పసుపు కలిపాడు.

చింతపండుతో చేతులు తోముకోనిదే ఆ తలుపు ముట్టేవాడు కాదు. కరెంటు ఎక్కువసేపు పోయిన రోజు మళ్లీ థర్మాకోల్ పెట్టె దిగేది. అడుగున ఐస్, దాని మీద మందంగా మడత పెట్టిన గొంగడి, ఆ పైన మందు డబ్బా. ఐస్ అంచు కూడా తగలనిచ్చేవాడు కాదు.

మధ్యాహ్నం పూట నేను అరుగు మీద కునికిపాట్లు పడుతుంటే గోడ అవతల ఆ ఫ్రిజ్ గుర్రుమనేది. "నీ రెండో పెండ్లాం గురక పెడుతుంది, సూడు పో" అనేదాన్ని. "మొదటిదానికన్న ఇదే నయమక్కా, సప్పుడు చేస్తది గని తిట్టదు" అనేవాడు. అతని పెండ్లాం జంగమ్మ అప్పటికి పోయి ఎన్నో ఏళ్లు. ఆ మాట అని, లేచిపోయి థర్మామీటర్ చూసి వచ్చేవాడు.

త్రివేణి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. పొట్టలో సూది తనే వేసుకుంటుంది, నవ్వుతూ కాలేజీకి పోతుంది. ఆ ఫ్రిజ్ ఇంకా నడుస్తోంది.

చివరి ఏడు బుగ్గయ్యకు గుండె చెడింది. ఇక నెలల మాటేనని డాక్టర్ చెప్పాడు. ఒక సాయంత్రం గోడ పట్టుకుంటూ వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. ఊపిరి అందుకోవడానికి కొంతసేపు పట్టింది.

"అక్కా, ఒక పని చెప్త. చేస్తవా?"

"ముందు చెప్పు. నీ పనులు నాకెరుకే."

"నేను పోయిననాడు బాలేష్ ఏ ఊళ్లె ఉంటడో. వాడొచ్చేదాక ఆగాలని నన్ను పండబెట్టనీకె ఐస్ పెట్టె కిరాయికి తెస్తరు. మా ఇంట్ల గట్టి ప్లగ్గు ఒక్కటే. అది పిల్ల ఫ్రిజ్‌ది."

అతనే మళ్లీ అన్నాడు:

"దశరథ తీసేస్తడు. చెడ్డోడు కాదు, యాదికుండదు. నిర్మల ఏడ్పుల ఉంటది, పిల్ల నా మీద పడి ఉంటది. పొద్దుగాల తీసిన ప్లగ్గు మూడు దినాలకు గని ఎవ్వరూ సూడరు."

"సావు మాటలు మాట్లాడకు. లే, ఛాయ్ తాగు."

"తాగుత గని ఇను. పుట్టినకాంచి ఐస్‌లనే ఉన్న. ఇంక నాకు ఐస్ వద్దు. జల్ది తీస్కపొమ్మను, లేకుంటే మీ ఇంట్లకెల్లి తీగె గుంజుకోమను. నువ్వు నా కాడ కూసోని ఏడ్వకు. అందరు ఏడుస్తరు, ఆ పనికి మస్తుమంది ఉన్నరు. నువ్వు కుర్సీ ఏస్కోని ఆ ప్లగ్గు కాడ కూసో. నన్ను తీస్కపోయి, అందరు తానాలు చేసి, తిని, ఎవలిండ్లకు వాళ్లు పోయిందాక లేవకు. ఎవడన్న ఆ తీగె మీద చెయ్యేస్తే, సచ్చిన ఇల్లని సూడకు, అల్లుడని సూడకు. నోటికొచ్చినట్టు తిట్టు."