ఉప్పు చూసే కంచం

మొన్న పంజాగుట్ట ఆసుపత్రిలో వ్యాయామం నేర్పే అమ్మాయి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఆనించకుండా లేవమంది. రెండో ప్రయత్నానికి లేచాను. "కండ తగ్గుతోంది అంకుల్, ఏం తింటున్నారు?" అని అడిగింది. తేలికగా కనబడే ఆ ప్రశ్నకు ఎంత లోతుందో నేను చాలా ఏళ్ళ కిందట అమీర్‌పేటలో ఒక మెస్సు వంటింట్లో చూశాను.

కంప్యూటర్ కోర్సుల కోసం జిల్లాల నుంచి వచ్చిన కుర్రాళ్ళతో అమీర్‌పేట సందులు కిక్కిరిసిన రోజులవి. గోడ రంగేమిటో తెలియకుండా కోర్సుల కాగితాలు అంటించి ఉండేవి. నేను పై వాటాలో అద్దెకుండేవాణ్ణి. కింద ఇంటావిడ మెస్సు నడిపేది. కుర్రాళ్ళకే కాదు, నాకూ ఆమె పెద్దమ్మే. అరవై దాటినా నేల మీద కత్తిపీట ముందు కూర్చుని కూరగాయలన్నీ తనే తరిగేది. ఒక వేసవిలో అలా కూర్చున్న మనిషి లేవలేకపోయింది. అప్పటినుంచి ఎవరో ఒకరు చెయ్యి అందించాల్సి వచ్చేది. వేరే కాపురం ఉంటున్న కొడుకు వచ్చినప్పుడల్లా ఇది చూసి, "అమ్మా, ఇగ మెస్సు బంద్ జెయ్యి. దసరాకల్ల నీ అంతట నువ్వు లేవకుంటే హాలు కోచింగోళ్ళకు కిరాయికిస్త" అన్నాడు. ఆమె నాతో ఒకటే మాటంది. "పొయ్యి ఆరితే నా ఇంట్ల నేను సుట్టం లెక్క కూసోవాల్నా సారూ?"

నేను బడిలో చదివింది పదో తరగతి వరకే. తక్కినదంతా గ్రంథాలయం బల్ల దగ్గర కూర్చుని సంపాదించుకున్నదే, ఆ సంగతి నలుగురికీ చెప్పుకునే అలవాటు కూడా ఉంది. పోషకాహారం పుస్తకాలు తిరగేసి వచ్చి, వయసు పైబడ్డాక కండ కరుగుతుందనీ, పూటపూటా పప్పో గుడ్డో పెరుగో ఉండాలనీ, కుర్చీలోంచి లేచి కూర్చోవడం కూడా వ్యాయామమేననీ చెప్పాను. "గవన్ని నా పొయ్యి మీదనే ఉడుకుతున్నయ్ గద!" అని నవ్వింది. నిజమే, గంగాళం నిండా పప్పు, ట్రేలకు ట్రేలు గుడ్లు. అంత వండే మనిషికి తిండి లోపమేమిటని నేనూ అనుకున్నాను. ఆమె రోజూ కుర్చీలోంచి లేచి కూర్చునేది కానీ, నేల మీంచి లేవడం మాత్రం చేతకాలేదు.

ఒక మధ్యాహ్నం మెస్సు ఖాళీ అయ్యాక కిందికి దిగాను. ఆమె ఒక్కతే తింటోంది. కంచంలో అడుగున మిగిలిన అన్నం, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ ముక్క.

"పప్పేది పెద్దమ్మా?"

"పోరగాండ్లు ఇంకింత అడిగిండ్రు, ఏసిన."

"గుడ్డు?"

"ఒకనికి పరీక్షంట. పాపం, రెండోది పెట్టిన."

ముందే తీసి పెట్టుకోవచ్చు కదా అంటే నేనేదో అపచారం పలికినట్టు చూసింది. "వండినామె ముందుగాల తింటదా? ఎంగిలైతది. ఆకలైనోళ్ళు బయట కూసుంటే నాకు ముద్ద దిగుతదా?"

దీనికి ఏ పుస్తకంలోనూ జవాబు లేదు. "మరి ఉప్పు చూడకుండానే వడ్డిస్తున్నారా?" అన్నాను.

"జర చేతిల ఏసుకొని సూస్త."

"చేతిలో ఎందుకు, కంచంలో వేసుకుని చూడండి."

కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "గన్ని పుస్తకాలు సదివి నేర్సింది గిదేనా సారూ?"

మర్నాటి నుంచి కుర్రాళ్ళకు హాలు తలుపు తీసే ముందు ఉప్పు చూడటం మొదలైంది. గిన్నెడు పప్పు, ఒక గుడ్డు, పెరుగన్నం. బయటినుంచి ఎవడో అరిచేవాడు. "పెద్దమ్మా, ఉప్పు సరిపోయిందా?"

"ఆగు బిడ్డా, పెరుగుల సుత సూడాలె!"

దసరాకు కొడుకొచ్చాడు. ఆమె కత్తిపీట ముందే ఉంది. అతను చెయ్యి చాపాడు. ఆమె పట్టుకోలేదు. మోకాలి మీద అరచెయ్యి ఆనించింది, సగంలో ఒకసారి ఆగింది, లేచి నిలబడింది. "జరుగు, ఎసరు మరుగుతున్నది" అంది. వంటయి తలుపు తీశాక అతను వెళ్ళి కుర్రాళ్ళ వరసలో కూర్చుని కంచం ముందుకు లాక్కున్నాడు.

ఆ ఇల్లిప్పుడు లేదు, ఆమె కూడా లేదు. వ్యాయామం నేర్పే అమ్మాయికి మాత్రం, రేపటినుంచి ముందు ఉప్పు చూస్తానని చెప్పాను. అర్థం కాక మర్యాదగా నవ్వింది. ముసలితనం కూడా ఆ మెస్సు కుర్రాళ్ళలాగే వేళ తప్పకుండా వచ్చి తలుపు కొడుతుంది. అది వచ్చేసరికి మన ముద్ద మనం తిని ఉండాలి.