పులికాట్ బురదలో ఉల్లంకి పిట్టలు

మార్చి ఆఖరి శనివారం తెల్లారకముందే నెల్లూరు స్టేషన్లో ప్యాసింజరు బండి ఎక్కాం, నేనూ మా ఆయన దానియేలూ. ఆయన గుండెకు స్టెంట్ వేసి అప్పటికి రెండు నెలలు. నడవచ్చు గానీ ఆయాసపడకూడదని డాక్టరు మాట. కానీ ఎండలు ముదిరితే పులికాట్ సరస్సు మీది వలస పిట్టలన్నీ ఉత్తరాదికి లేచిపోతాయి. "ఈ వారం పోకపోతే ఈ ఏటికి లేనట్టే" అని ఆయన ఒకటే పోరు. ఒంటరిగా పంపే ధైర్యం లేక టైలరింగ్ షాపు మూసి నేనూ బయల్దేరాను. దుర్భిణి ఆయన మెడలో, నాలుక కింద పెట్టుకునే బిళ్లలు నా సంచిలో.

మనుబోలు దాటాక ఎదుటి సీటు ఆవిడ, "ఏందమ్మా, ఆయన్నే అట్టా చూస్తా ఉండావు?" అనింది. ఊపిరి ఎలా తీస్తున్నాడో చూస్తున్నానని ఏం చెప్తాను?

సూళ్లూరుపేటలో దిగి ఇడ్లీ తిన్నాం. ఇక్కడే కడుపు నింపుకుని నీళ్లు తీసుకోండి, ముందు నీడ కూడా దొరకదు. ఖాజా అనే ఆటో అతన్ని రానూపోనూ మాట్లాడుకున్నాం. శ్రీహరికోట రోడ్డుకి రెండు పక్కలా సరస్సే. నీళ్లు వెనక్కి తగ్గి, నేల తెల్లగా ఉప్పు పెచ్చుకట్టి ఉంది. రాజహంసలు ఎక్కడో దూరంగా గులాబీ గీతలా కనిపించాయి. ఆయనకి కావలసింది అవి కాదు, నీటి అంచున మేసే ఉల్లంకి పిట్టలు. పోయే ముందు వాటి పొట్టకి ఇటిక రంగు ఎక్కుతుందట.

"గట్టు దిగబాకండి సార్, పైన గట్టిగా ఉన్నట్టే ఉంటాది" అన్నాడు ఖాజా.

నేను ఆటోలో నీళ్ల సీసా తీసుకుని తిరిగేసరికి ఆయన అప్పటికే లోపలికి నడిచిపోయి ఉన్నాడు. చూస్తుండగానే మోకాళ్ల దాకా దిగబడ్డాడు. కాలు లాగబోయాడు, ఇంకా దిగాడు. తర్వాత కదలకుండా నిలబడిపోయాడు. అలా నిలబడేసరికి పిట్టలు భయం మాని ఆయన చుట్టూ చేరాయి. ఆయన నావైపు చెయ్యి మెల్లగా ఎత్తాడు, అరవబాక అన్నట్టు.

నాకు ఆ చెయ్యి గుండె నొప్పికి ఎత్తినట్టే కనిపించింది. "ఖాజా" అని ఒళ్లంతా గొంతు చేసుకుని అరిచాను. పిట్టలన్నీ లేచిపోయాయి.

ఖాజా ఆటో వెనక సీటు ఊడబెరికి బురద మీద పరిచి, దాని మీద బోర్లా పాకుతూ పోయాడు. "కాళ్లు లాగబాకండి సార్. ముందు నా మీదికి వాలండి" అంటూ ఆయన్ని చంకల కింద పట్టుకున్నాడు. చెప్పులు బురదకే వదిలేసి ఇద్దరూ గట్టు చేరారు.

ఆయన పెదవులు తెల్లబడి ఉన్నాయి. "నొప్పా?" అంటూ బిళ్ల పెట్టబోతే మూతి తిప్పుకున్నాడు. సూళ్లూరుపేట ఆస్పత్రికి పోయేదాకా నేను చదవని ప్రార్థన లేదు. డాక్టరు ఈసీజీ తీసి, గుండె బాగానే ఉంది, భయపడ్డాడంతే అని చెప్పాక గానీ చేతిలో బిళ్ల సంచిలో పెట్టలేదు. ఖాజా బయట సీటు కడుగుతున్నాడు. "ఈసారి సార్‌ని తాడు కట్టి తీసకరా అక్కా" అన్నాడు.

మధ్యాహ్నం బండికి తిరుగు ప్రయాణం. పులికాట్ పోదామనుకునేవాళ్లు నిశ్చింతగా పోండి, మార్చి దాటకుండా పోండి, గట్టు మాత్రం దిగకండి. పిట్టలు ఎలా ఉన్నాయని నన్నడిగితే చెప్పలేను. రోజంతా నేను చూసింది ఒక్క మనిషినే.

గూడూరు దాటాక ఆయన నోరు విప్పాడు. "నువ్వు అరిచినప్పుడు అన్నీ ఒక్కసారే లేచి ఎండలోకి తిరిగినాయే, చూసినావా?"

"లేదు" అన్నాను.

అయితే విను అని మొదలుపెట్టాడు. ఆపరేషన్ అయ్యాక ఆయన అంతసేపు మాట్లాడటం అదే మొదలు. నెల్లూరు వచ్చినా నేను లేవలేదు. బండి ఆగి, మాట పూర్తయ్యాకే దిగాం.